పొడి పిండి లేని వంటిల్లు: ఒక ప్రాజెక్టు డైరీ

మే, చివరి వారం: పని ఏమిటి

తొమ్మిదేళ్ళ మా అమ్మాయికి సీలియాక్ వ్యాధి ఉన్నదని రక్త పరీక్షలోనూ, ఎండోస్కోపీ ద్వారా తీసిన చిన్నపేగు ముక్క పరీక్షలోనూ తేలింది. ఆమె భోజనం తయారయ్యే చోటికి గోధుమ జాడ చేరకుండా మా వంటింటిని మార్చుకోవడమే ఈ ప్రాజెక్టు. మాది హైదరాబాదు. ఇంట్లో అత్తయ్యగారు, మామయ్యగారు, మా వారు, నేను, అమ్మాయి, ఆమె తమ్ముడు ఉంటాము. అందరికీ వంటగది ఒక్కటే. చక్కెర వ్యాధి వల్ల మామయ్యగారు రాత్రిళ్ళు పుల్కాలు తింటారు. పిల్లలకు ఉదయం ఉప్మా, సేమ్యా, అప్పుడప్పుడు పూరీ ఉండేవి. మాది అన్నం తినే ఇల్లే అయినా గోధుమ లేని రోజంటూ దాదాపుగా లేదు.

గోధుమ, బార్లీ, రై (ఆవాలు కాదు, గోధుమను పోలిన ధాన్యం) అనే ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పేగులోకి వెళ్ళినప్పుడు, ఈ వ్యాధి ఉన్నవారి రోగనిరోధక వ్యవస్థ సొంత పేగు లోపలి పొరనే గాయపరుస్తుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకునే విల్లై అనే సన్నని మొనలు అరిగి, ఆ పొర చదునైపోతుంది. అందువల్ల రక్తహీనత, ఎదుగుదలలో వెనుకబాటు, ఎముకల బలహీనత కలుగుతాయి. ఎంతకాలం ఇనుము మందు పోసినా మా అమ్మాయికి హిమోగ్లోబిన్ పెరగకపోవడానికి కారణం ఇదేనని వైద్యులు చెప్పారు. దీనికి మందు లేదు. గ్లూటెన్ లేని ఆహారాన్ని జీవితాంతం తినడమే చికిత్స.

"మన వైపు అన్నం తినేవాళ్ళకు ఈ జబ్బు ఎక్కడిదమ్మా?" అని మామయ్యగారు అడిగారు. ఆయన అనుమానం సహజమైనదే. 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఈ వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఉత్తర భారతంలో నూటికి 1.23 మంది రక్తంలో, ఈశాన్యంలో 0.87 మందిలో, దక్షిణాదిన 0.10 మందిలో మాత్రమే కనబడ్డాయి. అయితే వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు ఉన్నవారి నిష్పత్తి మూడు చోట్లా దగ్గర దగ్గరగానే ఉన్నది. పెద్ద తేడా గోధుమ వాడకంలో ఉన్నది. గోధుమే కారణమని ఎలా తెలిసిందని ఆయన మళ్ళీ అడిగినప్పుడు విల్లెమ్ డికె గురించి చెప్పాను. నెదర్లాండ్స్‌కు చెందిన ఆ పిల్లల వైద్యుడు తన రోగుల ఆహారం నుంచి గోధుమను తీసివేసి ఏళ్ళ తరబడి గమనించి, తిరిగి తినిపిస్తే జబ్బు తిరగబెడుతున్నదని 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో చూపించారు. మామయ్యగారు విశ్రాంత లెక్కల ఉపాధ్యాయులు. ఆధారం చూపితే ఒప్పుకునే మనిషి కనుక, ఆ రోజు నుంచి ఈ పనిలో నాకు తోడుగా నిలిచారు.

జూన్, మొదటి వారం: ఎంత అంటే ఎంత

గ్లూటెన్ ఎంత ఉంటే ప్రమాదమో ముందుగా తెలియకపోతే, భయపడనక్కరలేని చోట భయపడి, జాగ్రత్తపడవలసిన చోట ఊరుకుంటాము. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారమూ, మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమాల ప్రకారమూ కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకపోతేనే దానిని గ్లూటెన్ రహితమని అమ్మవచ్చు. దీనినే 20 పీపీఎం, అంటే పది లక్షల వంతులలో 20 వంతులు, అంటారు. 2007లో ప్రచురితమైన ఇటలీ అధ్యయనంలో రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు గ్లూటెన్ తీసుకున్న రోగుల పేగు పొర దెబ్బతిన్నట్లు కనబడింది. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే చాలామందికి హాని జరిగే అవకాశం తక్కువని వైద్యులు భావిస్తారు.

మామయ్యగారూ నేనూ కలిసి వంటింటికి పనికివచ్చే లెక్క వేశాము. గోధుమ పిండిలో నూటికి సుమారు 8 నుంచి 10 వంతులు గ్లూటెన్ ఉంటుంది. అంటే 1 గ్రాము పిండిలో 80 నుంచి 100 మిల్లీగ్రాములు. రోజంతటికీ మా హద్దు అయిన 10 మిల్లీగ్రాములు ఒక గ్రాములో పదో వంతు పిండిలోనే ఉన్నాయి. రెండు వేళ్ళతో తీసిన చిటికెడు పిండిలో అంతకు రెండు మూడు రెట్లు ఉంటుంది.

ఈ లెక్క ప్రాజెక్టు దిశనే నిర్ణయించింది. పళ్ళెంలోని పుల్కా కంటికి కనిపిస్తుంది, దానిని వేరుగా పెట్టవచ్చు. పొడి పిండి అలా ఒక చోట ఉండదు. జల్లించేటప్పుడు లేచి గాలిలో చాలాసేపు తేలి, ఆరబెట్టిన గిన్నెల మీద వాలుతుంది. కలిపిన చేతులతో ఉప్పు డబ్బాలోకి, పోపుల పెట్టెలోకి, నెయ్యి గిన్నె మూత మీదికి చేరుతుంది. అందుచేత గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ వంటి పొడి సరుకు ఏదీ ఇంట్లోకి రాకూడదని, బయట తయారై సంచిలో వచ్చిన బ్రెడ్డు, బిస్కట్లు మాత్రం వంటగది బయట, వరండాలోని బల్ల మీద ఉండవచ్చునని నిర్ణయించాము.

ఇంట్లో అసలు గోధుమే లేకుండా చేయవచ్చు కదా అని మా వారు అడిగారు. అలా చేయకపోవడానికి బలమైన కారణం మా అబ్బాయి. సీలియాక్ ఉన్నవారి తోబుట్టువులలో సుమారు పదింటికొకరికి ఈ వ్యాధి ఉండే అవకాశముంది కాబట్టి వాడికి కూడా రక్త పరీక్ష చేయించాము. ప్రస్తుతం లేదు, కాని కొంతకాలానికి మళ్ళీ చేయించాలి. గోధుమ తింటూ ఉంటేనే ఆ పరీక్షకు విలువ ఉంటుంది. మానేసిన మనిషికి పరీక్ష చేస్తే వ్యాధి ఉన్నా లేనట్టే కనిపించవచ్చు. ఇదే కారణంతో, అనుమానం రాగానే గోధుమ మాన్పించి ఆ తరువాత వైద్యుని దగ్గరకు వెళ్ళడం సరికాదని తెలిసినవారందరికీ చెబుతున్నాను.

జూన్, రెండో వారం: గోధుమ ఏ దారుల్లో వస్తున్నది

వంటింట్లోని ప్రతి డబ్బానూ తెరిచి, ప్రతి సంచి మీది అక్షరాలనూ చదివి ఒక పట్టిక తయారుచేశాను. 2020 నాటి లేబులింగు నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు వాడితే ఆ సంగతిని ప్యాకెట్ మీద అలర్జీ సూచనగా ప్రకటించాలి కాబట్టి, ప్యాకెట్ సరుకు విషయంలో ఈ పని త్వరగానే తెమిలింది. సేమ్యా, నూడుల్స్, సోయా సాస్, మాల్టు (మొలకెత్తించిన ధాన్యపు పొడి, ఎక్కువగా బార్లీది) కలిసిన పాల పొడులు, మాల్టు రుచి వేసిన కార్న్ ఫ్లేక్స్ వెంటనే బయటికి వెళ్ళాయి. రాగి మాల్టు పేరుతో అమ్మే పొడులలో కొన్నింటిలో బార్లీ మాల్టు కూడా ఉంటుంది. పేరులో రాగి ఉన్నదని నమ్మకుండా వెనక్కి తిప్పి చదవాలి. ఎండాకాలంలో ఒంటికి చలువ చేస్తుందని అత్తయ్యగారు కాచి పోసే బార్లీ నీళ్ళు కూడా ఈ పట్టికలోకే వస్తాయి. అవి నీళ్ళే కదా అని ఎవరూ అనుమానించరు, బియ్యం తినే ఇళ్ళలో అయితే మరీ.

మా పట్టికలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంగువ. బజారులో దొరికే పొడి ఇంగువ, చాలా రకాల ముద్ద ఇంగువ కూడా కేవలం ఇంగువ చెట్టు పాలు కావు. అసలు ఇంగువ ఘాటును తట్టుకోలేము కాబట్టి దానిలో తుమ్మ బంక, ఏదో ఒక పిండి కలిపి అమ్ముతారు, ఆ పిండి చాలాసార్లు గోధుమ పిండో మైదానో అవుతుంది. ఒక రోజు చారులో వేసిన చిటికెడు ఆరుగురికి పంచితే ఒక్కరి వాటాకు వచ్చే గ్లూటెన్ మా హద్దు లోపలే ఉండవచ్చు. కాని మా ఇంట్లో ఇంగువ పప్పులో ఉంటుంది, చారులో ఉంటుంది, పచ్చళ్ళలో, చల్ల మిరపకాయల్లో, అప్పడాల్లో, సాంబారు పొడిలో ఉంటుంది. అన్నీ ఒకే రోజు పళ్ళెంలోకి వచ్చినప్పుడు ఆ చిన్న వాటాలు కలుస్తాయి. బియ్యపు పిండితో చేసినదని స్పష్టంగా ముద్రించిన ఇంగువ దొరికేదాకా వెల్లుల్లి పోపుతో సరిపెట్టుకున్నాము. పాత పచ్చళ్ళలో ఏ ఇంగువ పడిందో తేల్చడం సాధ్యం కాదు కాబట్టి వాటిని మా ఆడపడుచు ఇంటికి పంపించాము. ఆవకాయ మాత్రం మిగిలింది. మా ఇంటి ఆవకాయలో ఇంగువ వేయరు, ఆవపిండిని అత్తయ్యగారు ఇంట్లోనే రోట్లో దంచుతారు.

అన్నానికి, ఇడ్లీకి, పెసరట్టుకు, జొన్న రొట్టెకు, సర్వపిండికి, సగ్గుబియ్యానికి గ్లూటెన్‌తో పుట్టుకతో సంబంధం లేదు. ఇది మన వంటకు ఉన్న పెద్ద బలం. ఇడ్లీ రవ్వ బియ్యంది, బొంబాయి రవ్వ గోధుమది అనే తేడాను పిల్లలిద్దరికీ నేర్పాను.

జూన్, చివర: ఖాళీ చేయడం, కడగడం

గ్లూటెన్ వేడికి నశించే సూక్ష్మజీవి కాదు. మరిగించినా, ఎండలో పెట్టినా, చేతులకు రాసుకునే శానిటైజర్ పూసినా అది పోదు. దానిని సబ్బుతో రుద్ది, నీళ్ళతో కొట్టుకుపోయేలా కడగాలి. ఈ ఒక్క విషయం తెలిస్తే ఏ వస్తువు ఉంచాలో, ఏది పంపించాలో నిర్ణయించడం సులభమవుతుంది: సందులు, రంధ్రాలు, పగుళ్ళు లేని గట్టి ఉపరితలమైతే కడిగి వాడుకోవచ్చు, పిండి ఇంకి దాక్కునే చోటున్న వస్తువైతే కడిగినా నమ్మలేము.

స్టీలు గిన్నెలు, పళ్ళేలు, గ్లాసులు, ప్రెషర్ కుక్కర్, ఇడ్లీ పళ్ళేలు అన్నీ ఉంచుకున్నాము. ఇల్లంతా కొత్త సామాను కొనాలని కొందరు చెబుతారు కాని అంత ఖర్చు అవసరం లేదు. మార్చవలసినవి కొన్నే. చపాతీ పీట, కర్ర, చెక్క గరిటెలు, పిండి జల్లెడ, గీతలు పడిన నాన్‌స్టిక్ పెనం, ఏళ్ళుగా నూనె పట్టి నల్లబడిన ఇనుప పెనం బయటికి వెళ్ళాయి. ఇనుప పెనం గురించి అత్తయ్యగారు కొంత బాధపడ్డారు, ఎందుకంటే దాని మీద దోసె అంటుకోకుండా వచ్చేది. కాని ఆ నల్లటి పొరలో మాడిన చపాతీ పిండి కూడా ఉన్నదని, అదే పెనం మీద వేసిన అట్టు అమ్మాయి తింటుందని వివరించిన తరువాత ఆవిడే స్వయంగా తీసి పక్కన పెట్టారు. మిక్సీ గిన్నెల్లో ఒకదానిని పూర్తిగా మార్చాను. మిగిలిన వాటికి బ్లేడు విప్పి కడిగి, అడుగున ఉండే రబ్బరు వాచరు కొత్తది వేయించాను; పిండి పేరుకునే చోటు ఆ వాచరు కిందే ఉంటుంది. తడి గ్రైండర్‌లో మినప్పప్పు, బియ్యం తప్ప మరేమీ రుబ్బలేదు కాబట్టి దానిని మామూలుగా కడిగి ఉంచాము.

ఉప్పు, చక్కెర, పసుపు, కారం, పోపు దినుసులు అన్నీ కొత్తవి పోశాము. పిండి చేత్తోనే ఉప్పు తీసే అలవాటు అన్ని ఇళ్ళలోనూ ఉంటుంది. నెయ్యి గిన్నెలో చపాతీకి రాసిన చెంచా మళ్ళీ మునుగుతుంది కాబట్టి నెయ్యి కూడా మార్చాము.

అరలు శుభ్రం చేయడానికి చీపురు వాడలేదు. ఊడిస్తే అణిగిన పిండి మళ్ళీ లేస్తుంది. పైన అటక నుంచి మొదలుపెట్టి కిందికి వస్తూ, తడిపి పిండిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను అక్కడే పారవేసి, కొత్త గుడ్డతో సబ్బు నీళ్ళు పెట్టి, మళ్ళీ మంచినీళ్ళతో తుడిచాము. పిండి డబ్బా ఉండిన మూల, తలుపుల బందుల సందులు, ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతలు ఎక్కువ సమయం తీసుకున్నాయి. గిన్నెలు తోమే పీచులను పూర్తిగా మార్చి, వరండా బల్లకు సంబంధించిన పళ్ళేలు తోమడానికి ఎర్ర పీచు విడిగా పెట్టాను. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడకు ఈ పద్ధతి చెప్పడానికి నేను అనుకున్నంత కష్టపడలేదు. నీసు వండిన గిన్నెలను శనివారం వాడే గిన్నెలతో కలపకుండా తోమే అలవాటు ఆవిడకూ, అత్తయ్యగారికీ ఎప్పటి నుంచో ఉంది. "అట్లనే ఇది గూడ అనుకో వదినా" అని అత్తయ్యగారు ఒక్క మాటలో చెప్పేశారు.

జూలై: గిర్ని

ఈ ప్రాజెక్టులో అన్నింటికన్నా కఠినమైన భాగం గిర్ని. మామయ్యగారికి పుల్కా బదులు జొన్న రొట్టె అని నిర్ణయించాము, ఆయనా ఒప్పుకున్నారు. అదే రొట్టె అమ్మాయికీ పనికివస్తుంది. జొన్నలు తెచ్చి, ఏరి, కడిగి, ఆరబెట్టి గిర్నికి తీసుకువెళ్ళాక అసలు సమస్య ఎదురైంది. మా వీధిలోని గిర్నిలో గోధుమలు పట్టే యంత్రంలోనే జొన్నలు, బియ్యం, సజ్జలు కూడా పడతారు. రాళ్ళ మధ్య, గొట్టంలో, పిండి పడేచోట కట్టిన గుడ్డ గొట్టంలో ముందు పట్టిన పిండి మిగిలే ఉంటుంది.

గిర్ని నడిపే అతను మంచి మనిషి. "అక్కా, మొదట రెండు కిలోల బియ్యం పోసి ఆడిద్దాం, గోధుమంతా పోతది, ఆ పిండి తీసి పక్కకు పెడ్త, తర్వాత మీ జొన్నలు పోస్త" అన్నాడు. అతని సహకారానికి కృతజ్ఞతలు చెప్పాను కాని ఒప్పుకోలేకపోయాను. లెక్క ఇలా ఉంది: కిలో జొన్న పిండిలో ఒక్క గ్రాము గోధుమ పిండి కలిస్తేనే గ్లూటెన్ 80 నుంచి 100 పీపీఎం అవుతుంది, అంటే ప్రమాణానికి నాలుగైదు రెట్లు. అంత పెద్ద యంత్రంలో రెండు కిలోల బియ్యం ఆడించినా ఒక గ్రాము కూడా మిగలదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఉదయం అందరికన్నా ముందు వెళ్ళినా నిన్నటి పిండి అందులో ఉంటుంది.

దుకాణంలో కొన్న జొన్న పిండి కూడా ఇలాంటి యంత్రాల నుంచే వస్తుంది. సహజంగా గ్లూటెన్ లేని ధాన్యాల ఉత్పత్తులను దక్షిణ భారతపు దుకాణాల నుంచి సేకరించి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు పరీక్షించినప్పుడు, వాటిలో కొన్నింటిలో గ్లూటెన్ 20 పీపీఎం దాటి కనబడింది. ధాన్యం నిర్దోషి అయినా దాని ప్రయాణంలో గోధుమ తగులుతున్నది. అందుచేత ఇంట్లో వాడుకునే చిన్న పిండి మిల్లు ఒకటి కొన్నాము. అది ఖరీదైనదే, కాని ఈ ప్రాజెక్టులో అందుకు పెట్టిన ఖర్చు గురించి నాకు ఎలాంటి సందేహమూ లేదు. వాడిన మిల్లు తక్కువ ధరకు వస్తుందని తెలిసినవారు చెప్పారు. గోధుమ పట్టిన మిల్లు మాకు ఎంత తక్కువకు వచ్చినా ఉపయోగం లేదు. మిల్లు కొనే స్తోమత లేని ఇంటివారు మిక్సీలో కొద్ది కొద్దిగా పట్టి, కొత్త జల్లెడతో జల్లించుకోవచ్చు. జొన్న రొట్టెకు కావలసినంత మెత్తగా రావడానికి రెండుసార్లు పట్టవలసి వస్తుంది.

జూలై, చివర: ఏరడం

మిల్లు సొంతమైనా ధాన్యంలోనే గోధుమ గింజలు ఉంటే లాభం లేదు. ఒక గోధుమ గింజ సుమారు 40 మిల్లీగ్రాముల బరువుంటుంది, అందులో దాదాపు 4 మిల్లీగ్రాములు గ్లూటెన్. కిలో జొన్నల్లో అయిదు గోధుమ గింజలు కలిసి పిండి అయితే ఆ పిండి 20 పీపీఎం అంచుకు చేరినట్టే. ఈ లెక్క విన్న తరువాత అత్తయ్యగారు చేట ముందు కూర్చున్న తీరే మారింది. జొన్నలు, సజ్జలు, కందిపప్పు, మసూర్ పప్పు, ధనియాలు, జీలకర్ర అన్నీ తెల్లటి పళ్ళెంలో పలుచగా పరిచి, పగటి వెలుతురులో ఏరుతున్నాము. కిరాణా కొట్లో బస్తాలోంచి ఒకే డబ్బాతో తీసి పోసే విడి సరుకు మానేసి, మూసిన సంచులే తెస్తున్నాము. వాటిలో కూడా గోధుమ గింజలు అప్పుడప్పుడు దొరుకుతున్నాయి, ముఖ్యంగా ధనియాల్లో. ఏరిన తరువాత కడగడం తప్పనిసరి. గింజలకు అంటిన పిండి దుమ్ము కడుగులో పోతుంది.

ఆగస్టు: పట్టీలతో పరీక్ష

గ్లూటెన్‌ను గుర్తించే పరీక్ష పట్టీలు దొరుకుతాయి. ప్రత్యేక ద్రావణంలో నమూనాను కలిపి పట్టీ ముంచితే, గ్లూటెన్ ఉన్నప్పుడు రెండో గీత వస్తుంది. ఒక్కొక్క పట్టీ ఖరీదైనది కాబట్టి ఎక్కడ అనుమానం ఎక్కువో అక్కడే వాడాము. సబ్బుతో కడిగిన పాత స్టీలు పళ్ళెం మీద, బ్లేడు విప్పి కడిగిన మిక్సీ గిన్నెలో గీత రాలేదు. వంటగది నుంచి బయటికి పంపిన పాత జల్లెడను బాగా కడిగి పరీక్షిస్తే గీత స్పష్టంగా వచ్చింది. మా మిల్లులో పట్టిన జొన్న పిండిలో రాలేదు. దుకాణం నుంచి పోలిక కోసం తెచ్చిన ఒక శనగపిండిలో వచ్చింది. ఆ ఫలితం చూసిన తరువాత శనగపిండి కూడా పచ్చి శనగపప్పు నుంచి ఇంట్లోనే పడుతున్నాము.

ఈ పట్టీలను గుడ్డిగా నమ్మకూడదు. పట్టీ మనం తీసిన చిటికెడు నమూనా గురించే చెబుతుంది, సంచిలోని మిగతా పిండి గురించి కాదు. గ్లూటెన్ మరీ ఎక్కువగా ఉన్న నమూనాలో గీత మసకబారి లేనట్టుగా కూడా కనిపించవచ్చు, కాబట్టి అనుమానం బలంగా ఉంటే నమూనాను మరింత పలుచన చేసి మళ్ళీ చూడాలి. సోయా సాస్ వంటి పులిసిన పదార్థాలలో ప్రొటీన్ ముక్కలైపోయి ఉంటుంది కనుక వాటి విషయంలో మామూలు పట్టీ ఫలితం మీద ఆధారపడలేము.

సెప్టెంబరు: వరండా బల్ల

ఇంట్లోకి బయటి తిండి రాకుండా ఆపలేము. బంధువులు మిఠాయి పెట్టెలు తెస్తారు, అబ్బాయి బిస్కట్లు తింటాడు, మా వారు ఉదయం బ్రెడ్డు తింటారు. ఇవన్నీ వరండా బల్ల మీదే తెరవాలి, అక్కడే తినాలి, అక్కడి ఎర్ర అంచు పళ్ళెమే వాడాలి, తిన్న తరువాత చేతులు సబ్బుతో కడుక్కుని, నోరు పుక్కిలించి లోపలికి రావాలి. అబ్బాయి సీసాతో నీళ్ళు తాగితే అక్క ఆ సీసా ముట్టదు. ఇద్దరి సీసాల మీదా పేర్లు రాశాము. ఎవరైనా అతిథి ప్రేమగా పూరీ పిండి కలిపి పెడతానంటే ఇంటి నియమం చెప్పి ఆపుతున్నాము.

పిండి చర్మానికి తగిలినా జబ్బు చేస్తుందనే భయం కూడా మా ఇంట్లో కొన్నాళ్ళు ఉండింది. అది సరికాదు. గ్లూటెన్ నోటి ద్వారా లోపలికి వెళితేనే హాని. అయితే పిల్లల చేతులు నోటికి వెళుతూనే ఉంటాయి. బడిలో ఆడుకునే రంగు బంకమట్టి కొన్ని రకాలలో గోధుమ పిండి ఉంటుంది. పతంగులకు, అట్ట బొమ్మలకు అతికించే మైదా జిగురు మరొకటి. బడిలో ఆ రెండింటికీ బదులు మేమే బియ్యపు పిండితో ఉడికించిన జిగురు పంపిస్తామని చెప్పాము, ఉపాధ్యాయురాలు అంగీకరించారు.

దేవుని ప్రసాదం విషయం సున్నితమైనది. అన్నవరం నుంచి మా బంధువులు తెచ్చిన సత్యదేవుని ప్రసాదం గోధుమ నూకతో చేసేది. దానిని కళ్ళకు అద్దుకుని, పూజగదిలో విప్పకుండా, వరండా బల్ల మీద మిగతావారికి పంచాము. అమ్మాయికి మామయ్యగారు అరటిపండు నైవేద్యం పెట్టి ఇచ్చారు. పూజకు వాడే నవధాన్యాలలో కూడా గోధుమలు ఉంటాయి, అందువల్ల ఆ పొట్లాన్ని వంట సరుకుల అరలో కాక పూజగదిలోనే మూత డబ్బాలో ఉంచుతున్నాము.

బతుకమ్మ రోజులు

తొమ్మిది రోజుల నైవేద్యాలలో అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వేపకాయల ఆకారంలో చేసే బియ్యపు పిండి వంటకం అన్నీ మాకు ఇబ్బంది లేనివే. సద్దుల బతుకమ్మ నాడు చేసే మలీద ఒక్కటే సమస్య, ఎందుకంటే చపాతీలను నలిపి బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతారు. అత్తయ్యగారు ఈసారి సజ్జ రొట్టెలతో చేశారు. వేడి మీదే నలిపి, బెల్లం తురుము, నువ్వుల పొడి, ఏలకులు కలిపితే ముద్ద విరగకుండా నిలిచింది. చల్లారిన సజ్జ రొట్టె గట్టిపడి సరిగా కలవదు. పులిహోరలో ఇంగువ వేయలేదు. బతుకమ్మ ఆట దగ్గర ఒకరి మలీద మరొకరి చేతిలో పెట్టుకోవడం ఆచారం కాబట్టి, అమ్మాయి మన ముద్దలు అందరికీ పంచుతుందని, ఇతరులిచ్చినవి నాన్నమ్మ కొంగులో వేస్తుందని ముందే మాట్లాడుకున్నాము. ఆమె దానిని ఎంతో శ్రద్ధగా పాటించింది. ఆ వయసు పిల్లకు ఇది చిన్న విషయం కాదు.

నవంబరు: రక్త పరీక్ష, తరువాతి పని

ఆరు నెలల తరువాత చేయించిన రక్త పరీక్షలో టీటీజీ ఐజీఏ (ఈ వ్యాధిని సూచించే ప్రతిరక్షకం) విలువ మొదటి దానిలో నాలుగో వంతుకు తగ్గింది. ఇంకా మామూలు హద్దు లోపలికి రాలేదు; సాధారణంగా ఒకటి రెండేళ్ళు పట్టవచ్చునని, తగ్గుతూ రావడమే ముఖ్యమని వైద్యులు అన్నారు. హిమోగ్లోబిన్ పెరిగింది. విలువ తగ్గినంత మాత్రాన పేగు పూర్తిగా మానిందని చెప్పలేమని కూడా ఆయన స్పష్టం చేశారు.

సంక్రాంతి సకినాలు తరువాతి పని. వాటికి నానబెట్టిన బియ్యపు తడి పిండి కావాలి, మా ఇంటి మిల్లులో తడి బియ్యం పోస్తే జల్లెడ మూసుకుపోతుంది. గిర్నికి వెళ్ళే ప్రసక్తి లేదు. నానిన బియ్యాన్ని గుడ్డ మీద నీడన ఆరబెట్టి, చేతికి అంటని స్థితికి వచ్చాక మిక్సీలో కొద్ది కొద్దిగా పట్టి జల్లించాలని నిర్ణయించాము. ఒక గిన్నెడు బియ్యంతో చేసి చూస్తే సకినం చుట్టడానికి పిండి అనువుగానే ఉంది. ప్రతి ఏడూ నలుగురు ఇరుగుపొరుగువారు ఒక ఇంట్లో చేరి చుట్టే పని కనుక, ఈసారి అందరినీ మా ఇంటికే రమ్మన్నాము. మా పిండి, మా గుడ్డలు, మా నూనె, మా మూకుడు ఉంటాయి; వచ్చినవారు చేతులు కడుక్కుని కూర్చుంటే చాలు. నువ్వులు, వాము డిసెంబరులోనే తెచ్చి ఏరి పెట్టుకోవాలి. మిల్లు జల్లెడలు మార్చుకోవాలి. అబ్బాయి రెండో రక్త పరీక్ష పండుగ తరువాత చేయిస్తాము, అప్పటి దాకా వాడి బిస్కట్లు వరండా బల్ల మీదే ఉంటాయి.